ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?

శ్రోతలకు నమస్కారం.

మా బావగారిది విజయవాడ. 2012లో కొన్న పెట్రోలు కారు ఆయనది. సంక్రాంతికి వెళ్లేసరికి షోరూమ్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. "హైబ్రిడ్ తీసుకుందామని ఉంది బావా. లీటరుకి 27 ఇస్తుందట" అన్నారు. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండే కారు. నేను ఒక్కటే అడిగాను. బావగారూ, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?

ఆయన లేచి, కారులోంచి చిన్న నోటుపుస్తకం తెచ్చారు. అట్ట మీద నూనె మరకలు. లోపల నీలం ఇంకుతో, పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు రీడింగు. ఇద్దరం కూర్చుని కూడాం. ఏడాదికి 6,000 కిలోమీటర్లు. లీటరుకి 15 వస్తోంది. అంటే 400 లీటర్లు.

కంపెనీ చెప్పే 27 పరీక్షలో వచ్చిన లెక్క. రోడ్డు మీద 24 అనుకున్నాం. అప్పుడు 250 లీటర్లు చాలు. మిగిలేది 150 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 16,500. కొత్త బండి 18 లక్షలు, పాతదానికి రెండు లక్షలు వచ్చినా చేతినుంచి పెట్టాల్సింది 16 లక్షలు. పెట్రోలు మిగులుతో అది తీరాలంటే తొంభై ఏళ్లు దాటుతుంది. బావగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

అక్క భయం వేరు. ఆ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. ఆ భయంతో మారుస్తామంటే నేను అడ్డు చెప్పను, అది న్యాయమైన కారణం. దాన్ని పెట్రోలు లెక్కలో మాత్రం కలపొద్దు.

మేనకోడలి సంగతి చూడండి. రోజూ ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి. ఏడాదికి 20,000 కిలోమీటర్లు. గేరుబాక్సు పోయి, కారు ఎలాగూ మార్చాలి. ఒకే మోడల్‌లో పెట్రోలు బండికీ హైబ్రిడ్‌కీ తేడా మూడు లక్షలు అనుకుందాం. అదే 15, అదే 24 వేసి చూస్తే ఏడాదికి 500 లీటర్లు మిగులు. ఆరేళ్లలోపే తేడా తీరిపోతుంది. పైగా హైబ్రిడ్ బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తిని బ్యాటరీలో దాచుకుంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేస్తుంది. ఆగి ఆగి వెళ్లే ట్రాఫిక్‌లోనే దాని లాభం. హైవే మీద అంత ఉండదు. మోటారు ఒక్కటే కాసేపు బండిని నడపగలిగితే అది స్ట్రాంగ్ హైబ్రిడ్. మైల్డ్ హైబ్రిడ్‌తో అంత లాభం ఉండదు, అందులో మోటారు ఇంజనుకి కాస్త చేయి అందిస్తుందంతే. స్ట్రాంగ్ హైబ్రిడ్ అవునా కాదా అని అడిగి తెలుసుకోండి.

అందుకే షోరూమ్‌కి వెళ్లేముందు ఒక్క పని చేయండి. ట్యాంకు నిండా కొట్టించి మీటరు రీడింగు రాసుకోండి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు, ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి, కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకుతో ఆగకండి, మూడు ట్యాంకులు రాయండి. ఆ పుస్తకం కారులోనే పెట్టుకోండి, పెన్నుతో సహా.