చూస్తే చాలదు

అందరికీ నమస్కారం.

మన విశాఖ పూర్ణా మార్కెట్లో పొద్దున్నే ఎలుక కనబడితే ఎవరైనా చీపురు అందుకుంటారు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నేను మాత్రం ఆగి చూస్తాను. బస్తాకీ గోడకీ మధ్య సందు, పిల్లి కూర్చునే మెట్టు, నిన్న లేని బోను ఇవాళ ఎక్కడ పెట్టారు, ఇదంతా దాని బుర్రలో ఉండాలి. లేకపోతే రాత్రికి బతికి ఉండదు. ప్రయోగశాలలో పుట్టిన ఎలుకకు ఆ బెంగ లేదు. తిండీ నీళ్లూ వేళకు అందుతాయి. మరి దాని మెదడు ఏమవుతుంది?

కెనడా శాస్త్రవేత్త డోనల్డ్ హెబ్ 1940లలో కొన్ని ఎలుకపిల్లల్ని ఇంటికి తీసుకెళ్లి, ఇల్లంతా తిరగనిచ్చారు. పెద్దయ్యాక చిక్కుదారుల పరీక్షల్లో అవి బోనులో పెరిగినవాటిని మించిపోయాయి. ఆ తర్వాత అమెరికాలోని బర్క్‌లీలో రోజెన్‌జ్వైగ్, బెన్నెట్, క్రెచ్, మేరియన్ డైమండ్ అనే శాస్త్రవేత్తలు ఈ పని చేపట్టారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని విడదీశారు. ఒకదాన్ని చిన్న బోనులో ఒంటరిగా ఉంచారు. ఇంకొకదాన్ని పెద్ద బోనులో, డజను ఎలుకల మధ్య వదిలారు. అక్కడ ఎక్కడానికి నిచ్చెనలు, తిప్పడానికి చక్రాలు ఉండేవి. వస్తువుల్ని తరచూ మార్చేవారు. తిండి మాత్రం అందరికీ ఒకటే.

సుమారు 80 రోజుల తర్వాత డైమండ్ ఆ ఎలుకల మెదడు పైపొరను పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద కొలిచారు. పెద్ద బోను ఎలుకలకు ఆ పొర మందంగా ఉంది. తేడా కొద్ది శాతమే. కానీ 1964లో అది అచ్చయినప్పుడు చిన్న మాట కాదు. అనుభవం మెదడు ఆకారాన్నే మారుస్తుందంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత విలియం గ్రీనో అనే శాస్త్రవేత్త చూస్తే, అలాంటి ఎలుకల నాడీకణాలకు కొమ్మలు ఎక్కువగా వేసి ఉన్నాయి.

నన్ను ఎక్కువగా కదిలించిన ప్రయోగం మాత్రం 1975 నాటిది. అదే పెద్ద బోను లోపల చిన్న వల బోనులు పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో ఎలుకను ఉంచారు. పక్కవాళ్లు నిచ్చెన ఎక్కడం వాటికి కనబడుతుంది. చప్పుళ్లు వినబడతాయి, వాసనా తగులుతుంది. తాకడం ఒక్కటే కుదరదు. చివరికి తూచి చూస్తే వాటి మెదళ్లు ఒంటరి ఎలుకల మెదళ్లలాగే ఉన్నాయి. ఆటను పక్కనుంచి చూడటం వల్ల వాటికి ఒరిగిందేమీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ప్రయోగాల పేరు చెప్పి పసిపిల్లల తల్లిదండ్రులకు ఖరీదైన బొమ్మలు అంటగట్టడం అన్యాయం. బర్క్‌లీ వాళ్ల పెద్ద బోను మన మార్కెట్ సందుతో పోలిస్తే బోసిగానే ఉంటుంది. అందుకే ఆ ఎలుకలకు అదనంగా ఏదో ఒరిగిందని నేను అనుకోను. ఏమీ లేని చోటు ఒంటరి ఎలుకకు చేసిన నష్టమే ఆ కొలతల్లో బయటపడిందని నా అభిప్రాయం.

ప్రపంచంలో ఏ జూలోనైనా ఇప్పుడు మంచి సంరక్షకులు తిండిని పళ్లెంలో పెట్టి ఊరుకోరు. దుంగల తొర్రల్లో దాస్తారు, కొమ్మలకు వేలాడదీస్తారు. జంతువు వెతుక్కుని తినాలని.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. రెండేళ్లు దాన్ని మేడ మీద గొలుసుతో కట్టేశాను. వేళకు అన్నం పెడుతున్నాను కదా అనుకున్నాను. అది ముందుకాళ్లు పుండు పడేదాకా నాక్కునేది. చర్మరోగమని మందు రాశాను, తగ్గలేదు. బర్క్‌లీ ఎలుకల గురించి క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన నాకు ఇంట్లో అది తట్టలేదు. ఆ తప్పు నాదే.

గొలుసు తీసేశాను. రోజూ తెల్లవారుజామున బీచ్‌కి తీసుకెళుతున్నాను. తీరంలో పీతల బొరియలన్నీ మూతి పెట్టి వాసన చూస్తుంది. ఇంటికొచ్చాక పాత తువాలు మడతల్లో బిస్కెట్లు దాచి ఇస్తాను. మొదటి రోజు తువాలంతా చింపేసింది. ఇప్పుడు ఒక కొన పంటితో పట్టి, కాలితో అదిమి, మడత తర్వాత మడత విప్పుతుంది. కాళ్ల మీద పుండ్లు మానాయి. అక్కడ మళ్లీ వెంట్రుకలు వచ్చాయి.