బోర్డు వేరు, గది వేరు: టీచర్ సొంత వెబ్‌సైట్

నమస్కారం. ఈ వారం కూడా అదే ప్రశ్న వచ్చింది. "మేడమ్, డబ్బు కట్టి వెబ్‌సైట్ కొన్నాను. పేరు కొడితే ఏమీ రావడం లేదు. మోసపోయానా?" లేదు మాస్టారూ, మోసపోలేదు. మీరు కొన్నది వెబ్‌సైట్ కాదు, పేరు మాత్రమే. ఈ తేడా ఎవరూ సరిగా చెప్పకపోవడం వల్ల ఎందరో టీచర్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఈ వీడియో.

మీరు ఊళ్లో ట్యూషన్ పెట్టారనుకోండి. పేరు రాయించిన బోర్డు ఒకటి కావాలి. పాఠం చెప్పడానికి అద్దె గది ఒకటి కావాలి. గదిలో పాఠం ఉండాలి. బోర్డు డొమైన్ పేరు. గది హోస్టింగ్, అంటే మీ పేజీలు ఉండే చోటు. పాఠం మీరు తయారుచేసిన పేజీలు. బోర్డు రాయించి ఇంట్లో పెట్టుకుంటే పిల్లలు ఎక్కడికి వస్తారు? ఖాళీ పేజీ కథ ఇదే.

(తెర మీద: బోర్డు, గది, మధ్యలో టీకొట్టు)

ఇక కూడలిలో టీకొట్టు. కొత్తగా వచ్చిన పిల్లవాడు "ఫలానా ట్యూషన్ ఎక్కడండీ" అని అక్కడే అడుగుతాడు. ఇంటర్నెట్‌లో ఆ టీకొట్టు పేరు డీఎన్‌ఎస్. పేరు చెబితే అది అంకెల చిరునామా చెబుతుంది. ఒకప్పుడు కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో రాసి, దాన్నే అందరూ తెచ్చుకునేవారు. జిల్లా అంతటికీ ఒకే హాజరుపట్టీ ఉంటే ఎంత అవస్థో మనకు తెలుసు కదా! పాల్ మోకపెట్రిస్ 1983లో రూపొందించిన ఈ పద్ధతి ఆ భారాన్ని ఎన్నో టీకొట్లకు పంచింది.

మీరు గది మారారు. బోర్డు అదే. కానీ టీకొట్టాయనకు పాత చిరునామాయే గుర్తుంది, పిల్లల్ని అక్కడికే పంపుతాడు. హోస్టింగ్ మార్చినప్పుడు కొందరికి కొత్త సైటు, కొందరికి పాత సైటు కనిపించడానికి కారణం ఇదే. ఎంతసేపు గుర్తుంచుకోవాలో ఆ చిరునామా పక్కనే సెకన్లలో రాసి ఉంటుంది. 3,600 అంటే గంట, 86,400 అంటే రోజంతా. గది మారే ముందు రోజే ఆ అంకె తగ్గించండి. కంగారు పడాల్సిన పని ఉండదు.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన విషయం చెబుతాను. మా తెలుగు మాస్టారు ఛందస్సు, సంధులు, సమాసాల మీద ఏళ్ల తరబడి పాఠాలు రాసుకున్నారు. తెలిసిన ఒక కుర్రవాడు వాటితో వెబ్‌సైట్ చేసిపెట్టాడు. బోర్డు మాత్రం తన పేరున, తన ఈమెయిల్‌తో రాయించాడు. తర్వాత ఉద్యోగానికని వేరే ఊరు వెళ్లిపోయాడు. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ అతనికే వెళ్లాయి, అతను చూసుకోలేదు. గడువు దాటాక కొంత వ్యవధి ఇస్తారు. అదీ దాటిపోయింది, ఎవరో ఆ పేరు తీసేసుకున్నారు. ఈరోజు అక్కడ ఏవో వస్తువులు అమ్ముతున్నారు. మాస్టారు ఆ పేరును తన పుస్తకాల వెనుక అట్టల మీద కూడా వేయించుకున్నారు.

అందుకే గట్టిగా చెబుతున్నాను: పేజీలు ఎవరిచేతనైనా చేయించుకోండి, బోర్డు మాత్రం మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో ఉండాలి. 'డాట్ ఇన్'తో ముగిసే పేర్ల వ్యవస్థను చూసేది నిక్సీ అనే సంస్థ, ఆ పేర్లను మనకు అమ్మేది రిజిస్ట్రార్లు అనే కంపెనీలు. ఆ రిజిస్ట్రార్ ఖాతా పాస్‌వర్డు మీ దగ్గర ఉందా? ముందు అది చూసుకోండి. తెలుగు లిపిలోనే పేరు కావాలంటే 'డాట్ భారత్' కూడా ఉంది.

మాస్టారి దగ్గర పెన్‌డ్రైవ్‌లో పాఠాలు మిగిలాయి. తెరిచి చూస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు! డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించినవి అవి. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చారు. ఆ ఫాంటు లేని చోట బొమ్మ పోయి ఇంగ్లీషు అక్షరం బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఏ ఫోనులో తెరిచినా అవే సంఖ్యలు.

మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రతి పంక్తీ చదవాలి. మేమిద్దరం కూర్చుని చదువుతుంటే ఒకచోట 'పద్మము' కాస్తా 'పదము' అయింది. ఒక్క వత్తు ఎగిరిపోయింది, అంతే. తామరపువ్వు పోయి మాట వచ్చింది. 'ప' గురువు కావలసింది లఘువైంది, భగణం నగణమైంది. ఛందస్సు పాఠంలో ఆ తప్పు ఉంటే పిల్లవాడు గణవిభజన ఎలా నేర్చుకుంటాడు? మాస్టారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. ఆయన ఓపికకు నా నమస్కారం.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

గది ఎక్కడ? పాఠాలు చదివించడమే పని అయితే ఉచిత గదులు చాలు. గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సేవలో ఒక సైటు 1 జీబీ వరకు ఉండవచ్చు. అక్షరాలకు అది చాలా ఎక్కువ. వీడియోలు అక్కడ పెట్టవద్దు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. అది నేర్చుకునే తీరిక లేకపోతే వర్డ్‌ప్రెస్ లేదా గూగుల్ సైట్స్‌తో మొదలుపెట్టండి. నేర్చుకోగలిగితే మాత్రం నేర్చుకోండి. శీర్షికకు ఒక ట్యాగు (ఇది శీర్షిక అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తు), పేరాకు ఒకటి, లింకుకు ఒకటి, పది ట్యాగులతో చక్కని పాఠం పేజీ వస్తుంది. సొంతంగా రాస్తే పేజీ పైభాగంలో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైలులో రాసే పద్ధతి) అని తప్పకుండా పేర్కొనండి, లేకపోతే తెలుగు చెదిరిపోవచ్చు.

తాళం గుర్తు, అంటే హెచ్‌టీటీపీఎస్. ప్రశ్నపత్రాలు సీలు కవరులో వచ్చినట్టు, పేజీ దారిలో ఎవరూ విప్పకుండా వస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ దీనికి కావలసిన సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్‌లలో దానంతటదే అమరుతుంది. పాఠాల నకలు మీ కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. పిల్లల ఫొటోలు, మార్కులు సైటులో పెట్టకండి.

మాస్టారి కొత్త సైటులో ఇప్పటికి సంధులు పూర్తయ్యాయి. ఈసారి బోర్డు ఆయన పేరునే ఉంది. వచ్చే వీడియోలో ఆయన పక్కన కూర్చుంటారు, సమాసాల పేజీని మొదటి ట్యాగు నుంచి ఇద్దరం కలిసి రాస్తాం.