కూర గిన్నె అడుగున తినే మనిషి

(పరకాల దగ్గరి ఒక ఊళ్ళో, పోషణ మాసం సందర్భంగా మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కాచెల్లెళ్ళకు, వెనక చెట్టు కింద నిలబడ్డ అన్నలకు నమస్కారం. పత్తి చేనులో కలుపు వదిలిపెట్టి, ఒక పూట కైకిలి పోగొట్టుకొని వచ్చారు. అందుకే మీకు పనికొచ్చే మాటలే చెప్తాను.

ముప్ఫై ఏళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సమ్మగా తిరిగాను. ఒకసారి తొమ్మిదో తరగతి చదివే పిల్లను వాళ్ళమ్మ నా దగ్గరికి పట్టుకొచ్చింది. "మేడం, ఇది ఊకె బియ్యం బుక్కుతది. కొట్టినా మానుతలేదు. బియ్యం తింటే రక్తం ఇరుగుతది గదా" అని ఆమె ఏడుపు. పిల్ల స్కూల్ బ్యాగు చిన్న జిప్పులో నిజంగానే బియ్యం ఉన్నాయి. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. పరీక్ష చేయిస్తే రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఏడు గ్రాములు. ఆ వయసు పిల్లకు పన్నెండు ఉండాలి.

బియ్యం తిన్నందుకే రక్తం తగ్గిందని మనం అనుకుంటాం. చాలాసార్లు రక్తం తగ్గినందుకే నోరు బియ్యం మీదికి, మట్టి మీదికి, బలపం మీదికి పోతుంది. ఒంట్లో ఐరన్ తక్కువైందని శరీరం అట్లా చెప్పుకుంటుంది. డాక్టరు రాసిన గోలీలు వాడినాక ఆ పిల్ల బియ్యం మాటే మరిచిపోయింది. కొట్టిన దెబ్బలు మాత్రం ఊరికే తిన్నట్టయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

మందు ఇచ్చి ఊరుకోకుండా, ఆ ఇంట్లో ఏం తింటున్నారో చూద్దామని ఒక మధ్యాహ్నం పోయి కూర్చున్నాను. వంకాయ కూర, పప్పుచారు. ముందు ఇంటాయనకు పెట్టింది, తర్వాత కొడుక్కు, అత్తకు, ఆ తర్వాత పిల్లకు. పిల్ల దగ్గరికి వచ్చేసరికి గరిటె గిన్నె అడుగున తగిలి చప్పుడైంది. ఆఖరికి ఆ తల్లి కూర గిన్నెలోనే ఇంత అన్నం వేసుకొని, గిన్నెకు అంటిన మసాలాతో కలుపుకొని, మిరపకాయ తొక్కు నంజుకొని తిన్నది. "నీకు కూర ఏదమ్మా?" అంటే, "నాకు తొక్కు ఉంటే సాలు మేడం" అన్నది. ఈ మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో లెక్క లేదు. మా ఇంట్లో మా అమ్మ కూడా అదే అనేది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో అయితే 70 శాతం. దీనికి కారణాలు చాలా ఉంటాయి. నెలసరిలో పోయే రక్తం, కడుపులో నులిపురుగులు, వెంటవెంట కాన్పులు అన్నీ కలుస్తాయి. కానీ వాటి కింద పునాదిలాగా ఆ అడుగంటిన కూర గిన్నె ఉందని నా నమ్మకం.

బువ్వ చెడ్డదని నేను చెప్పను. ఎండలో పని చేసే ఒంటికి బువ్వ కావాలి. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు, మంచిదే. కానీ బువ్వ కడుపు నింపుతుంది గాని రక్తం పట్టడానికి కావాల్సింది అందులో తక్కువ. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2024లో చెప్పిన లెక్క ప్రకారం, మామూలు పని చేసే మనిషికి రోజుకు బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులో గుడ్లో మాంసమో 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలి. నాట్లేసే మనిషికి, మూటలు మోసే మనిషికి బువ్వ ఇంకా ఎక్కువే కావచ్చు. అయినా కూరగాయలు బియ్యం కంటే ఎక్కువ తూగాలన్న సంగతి చూడండి. మనం చేసేది దానికి తలకిందులు.

"మా తాతలు జొన్న గట్క తిని వందేళ్ళు బతికిండ్రు" అంటారు. జొన్న మంచిదే, నేనూ తింటాను. కానీ పాతకాలం తిండి అంతా బంగారమే అనుకోవద్దు. మన తెలంగాణలో జొన్నలు తప్ప వేరే ఏదీ దొరకని పేదలకు ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు వచ్చేది. పెల్లాగ్రా అంటారు. ఆ తార్నాక సంస్థలోనే డాక్టర్ గోపాలన్ గారు 1960 ప్రాంతంలో దాని మీద పనిచేసి, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు దానితో సంబంధం ఉందని చెప్పారు. ఒకే గింజ మీద బతికితే ఏ గింజైనా మోసం చేస్తుంది. జొన్న రొట్టె పక్కన పప్పు, పుంటికూర, ఇంత పెరుగు ఉన్నప్పుడే అది మంచి తిండి.

పప్పు ధర నాకు తెలుసు. కందిపప్పే కావాలని లేదు. బబ్బెర్లు, ఉలువలు, శనగలు, పెసర్లు ఏవైనా నానబెట్టి గుగ్గిళ్ళు చేయండి. బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, పెసర్లతో సత్తు పిండి చేస్తాం కదా, దాన్ని తొమ్మిది రోజులకే ఎందుకు ఆపాలి? బడి నుంచి వచ్చిన పిల్లకు అయిదు రూపాయల కుర్‌కురే బదులు ఒక సత్తు ముద్ద ఇవ్వండి. మాంసం తినేవాళ్ళు వారానికి ఒకసారి కార్జం (లివర్) తెచ్చుకుంటే రక్తానికి అంత మంచిది ఇంకోటి లేదు. గర్భిణులు మాత్రం దాని గురించి డాక్టరును అడగండి.

ఇంకో సంగతి, చాయ్. తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలో ఉన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. గర్భిణులు ఐరన్ గోలీని చాయ్‌తో మింగడం నేను కళ్ళారా చూశాను. ఆరు నెలలు గోలీలు తిన్నా రక్తం పెరగలేదని మందును తిడతారు. అన్నానికీ చాయ్‌కీ మధ్య గంటసేపైనా ఎడం ఉంచండి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, జామకాయ తినండి. వాటిలో ఉండే సి విటమిన్ ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది.

షుగర్ ఉన్న అన్నలూ, మీకూ ఇదే మాట. ముందు కూర, పప్పు తిని, తర్వాత బువ్వ తినండి. బువ్వ దానంతటదే తగ్గుతుంది. ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచాకు మించొద్దు. తొక్కులో, పచ్చడిలో, చిప్స్‌లో ఉన్నది కూడా ఆ చెంచాలోకే వస్తుంది.

రేపు వంట చేశాక, ఎవరికీ వడ్డించకముందే మీ కూర, మీ బిడ్డ కూర రెండు చిన్న గిన్నెల్లోకి తీసి మూత పెట్టండి. అత్తమ్మ ఏమన్నా అంటే నా పేరు చెప్పండి, నేను వచ్చి మాట్లాడుతాను. అన్నలూ, మీ పళ్ళెంలో రెండోసారి కూర వేయించుకునే ముందు వంటింట్లోకి ఒక్కసారి తొంగి చూడండి.

బయట అంగన్‌వాడీ టీచరు రక్త పరీక్ష కోసం కూర్చుంది. వేలికి ఒక్క పోటే, రెండు నిమిషాల పని. ఇంటికి పోయే ముందు అందరూ చూపించుకోండి. ఆడపిల్లలను ముందు పంపండి.