అర్జీ నుంచి చట్టం దాకా: 17వ శతాబ్దం చివర ఇంగ్లండు పార్లమెంటు దినచర్య

సభాధ్యక్షులకు, చరిత్ర మీద ఆసక్తితో ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఇంగ్లండు పార్లమెంటు చరిత్ర అనగానే మనకు 1688 నాటి విప్లవం, రెండవ జేమ్స్ దేశం విడిచి పారిపోవడం, 1689 నాటి హక్కుల చట్టం గుర్తుకు వస్తాయి. పార్లమెంటు తరచుగా సమావేశం కావాలని ఆ హక్కుల చట్టం చెప్పింది. అయితే ఆ మాటను ఏటేటా నిజం చేసినవి అర్జీలు, కమిటీలు, లెక్కల పద్దులు, మూడేసిసార్లు చదివి వినిపించిన బిల్లులు. ఈ నిత్యకృత్యంలో ఎవరి గొంతుకు చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది చూసినప్పుడే ఆ సంస్థ స్వభావం మనకు తెలుస్తుందని నా దృఢమైన నమ్మకం. అందుకే ఈనాటి ప్రసంగంలో గొప్ప ఉపన్యాసాల జోలికి పోకుండా, ఆ సభ రోజువారీ పని గురించి మాట్లాడదలచుకున్నాను.

పార్లమెంటులో ఎన్నికైన సభ్యులుండే దిగువ సభ, అంటే కామన్స్ సభ, అప్పట్లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ప్రాసాదంలోని సెయింట్ స్టీఫెన్స్ అనే పాత ప్రార్థనామందిరంలో కూర్చునేది. ఒకప్పుడు బలిపీఠం ఉన్న వైపు స్పీకర్ ఆసనం ఉండేది. సభ్యులు రెండు పక్కలా ఎదురెదురుగా బెంచీల మీద కూర్చునేవారు. 1670ల నాటికి సభ్యుల సంఖ్య 513కు చేరింది. అంతమందికి ఆ మందిరం ఏనాడూ సరిపోలేదు, అంతమంది ఒకేసారి వచ్చిందీ లేదు. సభ నడవడానికి 40 మంది ఉంటే చాలని 1640లోనే నిర్ణయించుకున్నారు. 1692లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఆ గది పైకప్పును కిందికి దింపి, పక్కల గ్యాలరీలు కట్టించి, కొంత వసతిగా మార్చాడు.

ఉదయం ప్రార్థనతో పని మొదలయ్యేది. సభ్యులు టోపీలు పెట్టుకునే కూర్చునేవారు; మాట్లాడదలచినవాడు లేచి, టోపీ తీసి, స్పీకర్‌ను సంబోధించి మాట్లాడేవాడు. ఒక ప్రశ్న మీద సభలో ఒక్కసారే మాట్లాడాలన్నది నియమం. ఆ బిగింపు నుంచి బయటపడే మార్గం కూడా సభే కల్పించుకుంది. స్పీకర్ కుర్చీ దిగిపోతే, బల్ల మీది రాజదండాన్ని బల్ల కింద పెడితే, అదే గది, అదే సభ్యులు, అప్పుడు అది సమస్త సభా కమిటీగా మారిపోయేది. అందులో ఎన్నిసార్లయినా లేచి మాట్లాడవచ్చు, అంకెల్ని వేలెత్తి చూపి అడగవచ్చు, మాట మార్చుకోవచ్చు. డబ్బుకు సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ ఈ రూపంలోనే జరిగేవి. చీకటి పడితే కొవ్వొత్తులు తెప్పించడానికి కూడా సభ తీర్మానం కావాలి. చర్చను సాగదీయాలా, ఆపాలా అన్న పోరు ఒక్కొక్కప్పుడు ఆ కొవ్వొత్తుల తీర్మానం దగ్గరే తేలిపోయేది.

బిల్లును మూడుసార్లు ఎందుకు చదివేవారన్న సందేహం మీకు రావచ్చు. అచ్చు ప్రతులు సభ్యులందరి చేతుల్లో లేని కాలంలో, గుమాస్తా పైకి చదివి వినిపిస్తేనే బిల్లులో ఏముందో తెలిసేది. రెండో పఠనం తరువాత బిల్లు కమిటీకి వెళ్లేది. కమిటీలు ఎక్కువగా మధ్యాహ్నం వేళల్లో, ప్రాసాదంలోనే చుట్టుపక్కల గదుల్లో కూర్చుని, సాక్షుల్ని పిలిపించి, పదం పదం సవరించేవి. సవరించిన పాఠాన్ని తోలుపత్రం మీద శుద్ధప్రతిగా రాయించి మూడోసారి చదివేవారు. సభ ఒప్పుకుంటే సభ్యులే దాన్ని ఎగువ సభ అయిన లార్డ్స్ సభకు మోసుకుపోయేవారు. ఓటింగు అవసరమైతే ఒక పక్షం లేచి బయటి వసారాలోకి వెళ్లేది, రెండో పక్షం లోపలే కూర్చునేది. ఈ ఏర్పాటు వల్ల ఒక విచిత్రమైన లాభనష్టం ఉండేది: వేడిగా ఉన్న చోటు, దొరికిన సీటు వదులుకోవడం ఇష్టం లేనివారు లోపల ఉండిపోవడానికే మొగ్గు చూపేవారని అప్పటి సభ్యులకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. సభ సమయంలో పెద్ద భాగాన్ని తీసుకున్నవి రాజ్యాంగ సమస్యలు కావు, ప్రైవేటు బిల్లులు. వంశపారంపర్య నిబంధనల్లో చిక్కుకున్న భూమిని అప్పులు తీర్చడానికి అమ్ముకోవాలంటే ఒక బిల్లు. పరదేశంలో పుట్టిన వర్తకుడు ఇంగ్లండు పౌరుడు కావాలంటే ఒక బిల్లు. నదిని పడవలకు అనువుగా లోతు చేయాలంటే ఒక బిల్లు. ఇలాంటి ప్రతి బిల్లుకూ స్పీకర్‌కు, గుమాస్తాకు రుసుము చెల్లించాలి. ఆ రుసుము చట్టబద్ధమే, కానీ దాని పక్కనే లంచానికి దారి తెరుచుకుని ఉండేది. లండన్ నగరపాలక సంస్థ తన దగ్గర దాచిన అనాథ పిల్లల వారసత్వపు సొమ్మును ఖర్చుపెట్టేసి, ఆ బాకీ తీర్చే ఏర్పాటు కోసం 1694లో ఒక చట్టం చేయించుకుంది. ఆ పని జరిగినందుకు స్పీకర్ సర్ జాన్ ట్రెవర్ 1,000 గినీలు (బంగారు నాణేలు) పుచ్చుకున్నాడని 1695 మార్చిలో బయటపడింది. అతను ఘోరమైన నేరం చేశాడన్న తీర్మానాన్ని స్పీకర్ హోదాలో అతనే సభ ముందు పెట్టి, ఓటు అడిగి, ఫలితం ప్రకటించాల్సి వచ్చింది. మరునాటి నుంచి ఒంట్లో బాగాలేదని కబురు పంపి రావడం మానేశాడు. సభ పాల్ ఫోలీని స్పీకర్‌గా ఎన్నుకుని, ట్రెవర్‌ను బహిష్కరించింది. తన అధ్యక్షుణ్ణే తన పద్ధతుల ప్రకారం దోషిగా నిలబెట్టగలిగిన ఆ సభను నేను గౌరవిస్తాను.

రెండవ చార్లెస్ 1681 నుంచి చనిపోయేదాకా పార్లమెంటును పిలవకుండానే రాజ్యం చేశాడు. 1689 తరువాత అది సాధ్యం కాలేదు. ఫ్రాన్సుతో యుద్ధానికి కావలసిన డబ్బును సభ ఏడాదికొకసారి మాత్రమే మంజూరు చేసేది. సైన్యంలో క్రమశిక్షణకు అధికారమిచ్చే తిరుగుబాటు చట్టాన్ని కూడా స్వల్పకాలానికే ఆమోదించేది. ఎంత ఇవ్వాలో ఒక కమిటీ, ఏ పన్ను ద్వారా ఇవ్వాలో మరో కమిటీ తేల్చేవి. భూమి రాబడి మీద పౌనుకు, అంటే 20 షిల్లింగులకు, 4 షిల్లింగుల పన్ను, 1694లో ఇంగ్లండు బ్యాంకు పుట్టుకకు కారణమైన 12 లక్షల పౌన్ల అప్పు ఇలాంటి కమిటీల నుంచే వచ్చాయి.

సభలో ఏం జరిగిందో బయటివారికి తెలియడం మాత్రం కష్టంగానే ఉండేది. చర్చల్ని బయటపెట్టడం సభ హక్కుల ఉల్లంఘన. తీర్మానాలను అచ్చు వేయించడం 1680లో మొదలైంది. చర్చలకు ఆ అవకాశం లేదు. ఆంచిటెల్ గ్రే అనే సభ్యుడు పాతికేళ్లకు పైగా సొంతంగా రాసిపెట్టుకున్న నోట్సు లేకపోతే ఆనాటి చర్చలు చాలావరకు మనకు దక్కేవి కావు. కవి ఆండ్రూ మార్వెల్ హల్ పట్టణం సభ్యుడు. ఆ పట్టణం అతనికి రోజుకు 6 షిల్లింగుల 8 పెన్నీల భత్యం ఇచ్చేది. అతను ఏ బిల్లు ఎక్కడి దాకా వచ్చిందో, ఏ పన్ను మీద వాదన నడుస్తోందో 1678లో మరణించేదాకా తన పట్టణానికి ఉత్తరాల ద్వారా ఓపికగా తెలియజేశాడు. ప్రజాప్రతినిధి బాధ్యతకు ఆ ఉత్తరాలకన్నా మంచి నిదర్శనం నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఒక బిల్లును చివరిదాకా వెంబడిద్దాం. ఇది మన తీరాన్ని కూడా తాకిన బిల్లు కాబట్టి కొంత ఎక్కువసేపు దీని దగ్గర ఆగుతాను.

ఈస్టిండియా కంపెనీ 1611 నుంచి మచిలీపట్నంలో వర్తకస్థానం నడుపుతోంది. తరువాత నర్సాపురం దగ్గరి మాధవాయిపాలెంలోనూ కొనుగోళ్లు సాగించింది. ఆంధ్ర తీరం నుంచి, తమిళ తీరం నుంచి, గుజరాత్, బెంగాల్‌ల నుంచి వెళ్లిన అద్దకపు బట్టలు, పట్టు కలిసిన నేతలు శతాబ్దం చివరికి లండన్‌లో పెద్దింటి స్త్రీల నుంచి పనిమనుషుల దాకా అందరి ఒంటి మీదా కనిపించసాగాయి. ఉతికినా వెలవని రంగు, ఉన్నికన్నా తేలిక, తక్కువ ధర. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో, కాంటర్‌బరీ పట్టణంలో పట్టు నేతగాళ్లకూ, నారిచ్ పట్టణంలో ఉన్ని నేతగాళ్లకూ పని తగ్గింది.

వారు ఆ కాలపు పద్ధతి ప్రకారమే కదిలారు. ప్రజలు గుంపులుగా వచ్చి అర్జీలివ్వడాన్ని 1661 నాటి చట్టం నిషేధించింది; అర్జీని 10 మందికి మించి వచ్చి సమర్పించకూడదు. పట్టణాల నుంచి అర్జీలు వచ్చాయి, కమిటీ కూర్చుంది, 1696లో కామన్స్ సభ ఆసియా పట్టునూ అద్దకపు బట్టలనూ కట్టడి చేసే బిల్లును ఆమోదించింది. కంపెనీ, బట్టల వర్తకులు, లండన్‌లోని అద్దకపువాళ్లు లార్డ్స్ ముందు ఎదురు వాదించారు. బిల్లు అక్కడే నిలిచిపోయింది. మళ్లీ ప్రవేశపెట్టారు. 1697 జనవరిలో నేతగాళ్లూ వారి ఇల్లాళ్లూ చట్టాన్ని లెక్కచేయకుండా సభ వాకిలి దాకా తోసుకువచ్చారు. జనం కంపెనీ భవనం మీద కూడా పడ్డారు. ఆకలితో ఉన్న ఆ కుటుంబాల బాధ నిజమైనది, దాన్ని నేను తక్కువ చేయను. అయినా లార్డ్స్ చేసిన సవరణల మీద రెండు సభల మధ్య రాజీ కుదరక ఆ బిల్లు కూడా పోయింది. అలాంటి సంప్రదింపుల్లో లార్డ్స్ టోపీలతో కూర్చుంటే కామన్స్ సభ్యులు టోపీలు తీసి నిలబడాలి. ఆ నిలబడటంలోనే ఎవరు ఎంత వంగాలన్న పట్టుదల పెరిగేది.

చివరికి అదే ఉద్దేశంతో మళ్లీ తెచ్చిన బిల్లు 1700 ఏప్రిల్ 11న రాజామోదం పొందింది. 1701 సెప్టెంబరు 29 నుంచి పర్షియా, చైనా, భారతదేశాల పట్టు వస్త్రాలను, అక్కడ అద్దిన నూలు బట్టలను ఇంగ్లండులో ధరించడం, వాడడం నిషిద్ధం. వచ్చిన సరుకును గిడ్డంగిలో ఉంచి మళ్లీ పరదేశాలకు ఎగుమతి చేయాలి.

నాలుగేళ్ల ఈ వ్యవహారంలో నారిచ్ అర్జీ ఉంది, కాంటర్‌బరీ అర్జీ ఉంది, కంపెనీ వాదన ఉంది. పెడన, మచిలీపట్నం పరిసరాల్లో బట్ట నేసి అద్దినవారి మాట ఒక్కటీ లేదు. ఉండే దారి కూడా లేదు, ఎందుకంటే సభ వాకిలి దాకా వచ్చి రుసుము చెల్లించగలిగినవారికే, లేదా వాకిలిని తోసుకుని రాగలిగినవారికే ఆ పద్ధతి చెవినిచ్చేది. కంపెనీ వాదించింది తన లాభం తరఫున మాత్రమే.

తెల్ల నూలుబట్టను మాత్రం చట్టం అడ్డుకోలేదు. లండన్ చుట్టుపక్కల అద్దకపు పనివాళ్లు ఆ తెల్లబట్ట మీద మన తీరపు పూలనూ తీగలనూ పోలిన నమూనాలు అద్ది అమ్మి, ఆ వృత్తిలో ఆరితేరారు. ఇరవై ఏళ్లు తిరక్కముందే ఉన్ని, పట్టు నేతగాళ్లు మళ్లీ అర్జీలు పట్టుకుని అదే మందిరం ముందు నిలబడ్డారు. 1721లో పార్లమెంటు ఈసారి ఇంగ్లండులో అద్దిన నూలుబట్టను కూడా, కొద్దిపాటి మినహాయింపులతో, ధరించరాదని చట్టం చేసింది.