నాలుగు సూట్‌కేసులు, ఆరుగురు మనుషులు: మినీవ్యానా, ఎస్‌యూవీనా?

అందరికీ నమస్తే అండి. డాలస్ దగ్గర మా ఇంటి డ్రైవ్‌వేలో నిలబడి మాట్లాడుతున్నాను. నా వెనక నాలుగు పెద్ద సూట్‌కేసులు కనిపిస్తున్నాయి కదా, మేమేం ఇండియా వెళ్ళట్లేదు. ఈరోజు బండ్లను కొలవబోయేది వీటితోనే.

అమెరికాలో మన తెలుగువాళ్ళకి రెండో పిల్లో పిల్లాడో పుట్టగానే మొదలయ్యే చర్చ ఇది. మినీవ్యాన్, అంటే తలుపులు పక్కకి జరిగే ఫ్యామిలీ వ్యాన్, తీసుకోవాలా, మూడు వరసల సీట్లున్న ఎస్‌యూవీ తీసుకోవాలా? నన్నడిగితే జవాబు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి కాదు, ఎయిర్‌పోర్టుకి ఎంతమంది వస్తారు, ఎన్ని పెట్టెలతో వస్తారు అన్న దాన్ని బట్టి ఉంటుంది.

నా అనుభవం చెప్తాను. అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు మాకు మూడు వరసల ఎస్‌యూవీ ఉండేది. ఏ కంపెనీదో చెప్పను. తప్పు బండిది కాదు, బ్రోచర్‌లో ‘ఏడుగురు’ అన్న మాట ఒక్కటే చూసి కొన్న నాది. మా డాలస్ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూ, టెర్మినల్ డీ. మేం నలుగురం, వాళ్ళిద్దరు, మొత్తం ఆరుగురం. వాళ్ళిద్దరివీ మనిషికి రెండు చొప్పున 23 కిలోల పెట్టెలు నాలుగు. మూడో వరస సీట్లు లేపి ఉంచితే డిక్కీలో రెండు పెట్టెలు నిలబడ్డాయి, మూడోది పెడితే తలుపు పడలేదు. వెనక కార్లవాళ్ళు హారన్లు. చివరికి మా ఆవిడ అమ్మనీ పిల్లల్నీ తీసుకుని బండిలో, నేనూ నాన్నా రెండు పెట్టెలతో క్యాబ్‌లో. దారిలో నాన్న ఒకే మాట అన్నారు: "ఇంత బండి కొన్నావు, చోటెక్కడరా?"

ఆ రాత్రి లెక్క వేశాను. చాలా ఎయిర్‌లైన్స్‌లో చెక్ఇన్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాలు దాటకూడదు. అంటే 28, 20, 14 అనుకోండి. గుణిస్తే ఒక్కోటి సుమారు 4.5 క్యూబిక్ ఫీట్. నాలుగు పెట్టెలకి 18. ఇప్పుడు ఒకే కంపెనీ బండ్లు రెండు చూద్దాం, బ్రాండ్ గొడవ ఉండదు. టొయోటా హైలాండర్, 2020 మోడల్‌తో వచ్చిన తరం: మూడో వరస వెనక 16 క్యూబిక్ ఫీట్. టొయోటా సియెన్నా, 2021 మోడల్‌తో వచ్చిన తరం: 33.5. రెట్టింపు కంటే ఎక్కువ. హైలాండర్‌లో పెట్టెలన్నీ ఒక్క చుక్క ఖాళీ లేకుండా కరిగించి పోసినా పట్టవు.

"అయితే గ్రాండ్ హైలాండర్ ఉంది కదా" అంటారు. ఉంది, 2024 మోడల్‌తో వచ్చింది. అందులో 20.6. లెక్క ప్రకారం పట్టాలి. కానీ పెట్టెలు నీళ్ళు కావు కదండీ, వాలుగా ఉన్న వెనక అద్దం దగ్గర నాలుగోది ఇబ్బంది పెడుతుంది. క్యాబిన్ బ్యాగులు ఎలాగూ కాళ్ళ దగ్గరే.

బయటినుంచి చూస్తే ఎస్‌యూవీ భారీగా ఉంటుంది, వ్యాన్ నేలకి అతుక్కున్నట్టుంటుంది. మరి లోపల ఇంత తేడా ఎందుకు? అసలు కిటుకు నేలలో ఉంది. 1983 చివర్లో క్రైస్లర్ వాళ్ళు మొదటి మినీవ్యాన్లు వదిలినప్పుడు వాటిని ట్రక్కు మీద కాకుండా ముందు చక్రాలు తిరిగే కారు ప్లాట్‌ఫామ్ మీద కట్టారు. వెనక చక్రాలకి శక్తి పంపే పొడుగాటి షాఫ్ట్ అక్కర్లేదు, కాబట్టి నేల కిందికి దిగింది. ఇప్పటికీ అదే సూత్రం. వ్యాన్‌లో మూడో వరస వెనక బావి లాంటి గుంట ఉంటుంది చూడండి, ఇదిగో, కెమెరా ఇక్కడ పెడతాను. మూడో వరస మడిస్తే సీటు మొత్తం ఈ గుంటలోకి వెళ్ళి కూర్చుంటుంది. లేపితే గుంటంతా సామానుకే. సియెన్నాలో నాలుగు చక్రాల డ్రైవ్ తీసుకున్నా ఇది పోదు, ఎందుకంటే వెనక చక్రాలని విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటార్ తిప్పుతుంది, మధ్యలో షాఫ్ట్ లేదు.

ఎస్‌యూవీలో మూడో వరస దగ్గరకి వచ్చేసరికి నేల పైకి లేస్తుంది. అందుకే అక్కడ కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దగ్గరకి వస్తాయి. కాలు పెట్టుకునే చోటు హైలాండర్ మూడో వరసలో దాదాపు 28 అంగుళాలు, సియెన్నాలో దాదాపు 39. మా నాన్న అయిదడుగుల పది. ఆయన్ని మొదటిదాంట్లో కూర్చోబెట్టి హ్యూస్టన్ దగ్గర పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి తీసుకెళ్తే, నాలుగు గంటల తర్వాత అమ్మవారికి దణ్ణం పెట్టడానికి నడుం వంగదు.

ఇక ఎక్కడం. టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి, నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు దాటితే తప్ప, చైల్డ్ సీటు తప్పనిసరి. రెండో వరసలో ఆ సీటు బిగించాక దాన్ని ముందుకి వంచి వెనక్కి ఎక్కడం చాలా బండ్లలో కుదరదు. మధ్యలో సందుంటే అందులోంచి పోవాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ, చీరలో, ఎత్తయిన ఎస్‌యూవీ ఎక్కేటప్పుడు ముందు పైన హ్యాండిల్ పట్టుకుంటుంది, తర్వాత కుచ్చిళ్ళు పట్టుకుంటుంది, తర్వాత నా భుజం పట్టుకుంటుంది. మూడు పట్టుకోడానికి రెండు చేతులే. వ్యాన్ తలుపు పక్కకి జరిగితే ఒక్క అడుగు, లోపల. "ఇదేదో మన ఊరి ఆటోలా హాయిగా ఉందిరా" అంది. వ్యాన్‌కి ఇంతకన్నా మంచి రివ్యూ నేను చెప్పలేను.

స్లైడింగ్ డోర్ విలువ ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఇంకా తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం, రెండు పక్కలా కార్లు, ఒక చేతిలో నిద్రపోతున్న పిల్ల, కార్టులో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా. తలుపు ఎగిసి పక్క కారుకి తగులుతుందేమోనన్న టెన్షన్ లేదు. పై వేరియంట్లలో కింద కాలు ఊపితే చాలు, తెరుచుకుంటుంది. మా చిన్నది బండి పక్కన డాన్స్ చేస్తూ దాన్ని ఎన్నిసార్లు తెరిచిందో.

మైలేజ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సియెన్నా హైబ్రిడ్‌లో మాత్రమే వస్తుంది, గ్యాలన్‌కి 36 మైళ్ళ దాకా. హైలాండర్ హైబ్రిడ్ కూడా ఇంచుమించు అంతే. హోండా ఒడిస్సీ అయితే వీ6 ఇంజన్, పరుగు బాగుంటుంది, మైలేజ్ మాత్రం 22 దగ్గర ఆగుతుంది. అయితే ఒడిస్సీలో రెండో వరస సీట్లు ఊడదీయొచ్చు. సియెన్నాలో కుదరదు, ఆ సీట్లలోనే సైడ్ ఎయిర్‌బ్యాగులున్నాయి. ఇల్లు మారేటప్పుడు సోఫా తెచ్చుకుందాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, సియెన్నాతో హైవే ర్యాంప్ మీద గట్టిగా తొక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి నిదానంగా అందుకుంటుంది. ఆరుగురు, సామానుతో ఉన్నప్పుడు మరీను.

వ్యాన్ పక్షం మాట్లాడుతున్నానని దాని లోపం దాచను. ఐఐహెచ్ఎస్ అని ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే సంస్థ ఒకటి బండ్లకి క్రాష్ టెస్టులు చేస్తుంది. ముందు నుంచి గుద్దే టెస్టులో డ్రైవర్ వెనక ఒక చిన్న సైజు ఆడమనిషి, లేదా పన్నెండేళ్ళ పిల్లంత బొమ్మని కూడా కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. 2023లో నాలుగు మినీవ్యాన్లు ఆ టెస్టుకి వెళ్తే ఒక్కదానికీ ‘గుడ్’ రాలేదు, దాని కింది ‘యాక్సెప్టబుల్’ కూడా రాలేదు. సియెన్నా కూడా అందులో ఉంది. ఎస్‌యూవీల్లో కొన్నిటికి గుడ్ వచ్చింది, చాలావాటికి రాలేదు. ఆ బొమ్మ సైజు దాదాపు మా అమ్మ సైజు. కాబట్టి మీరు కొనే సంవత్సరం మోడల్‌కి రేటింగ్ ఏముందో ఐఐహెచ్ఎస్ సైట్‌లో చూడకుండా సంతకం పెట్టొద్దు. నేనైతే చూశాక కూడా వ్యాన్ వైపే మొగ్గాను. మూడో వరసలో ఇరుక్కుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, బెల్ట్ సరిగ్గా పడకుండా కూర్చోవడం కూడా ప్రమాదమే కదా.

మరి ఎస్‌యూవీ ఎవరికి? నలుగురే, అమ్మానాన్నలు రావడం తక్కువ అనుకుంటే హాయిగా తీసుకోండి. మూడో వరస మడిచి ఉంచితే హైలాండర్‌లో 48 క్యూబిక్ ఫీట్ దొరుకుతుంది, సరిపోతుంది. మిన్నెసోటా, కొలరాడో మంచులో ఉండేవాళ్ళకి కింద ఎనిమిది అంగుళాల ఎత్తు పనికొస్తుంది. బోటు లాగడానికి పెట్రోల్ హైలాండర్ 5,000 పౌండ్లు లాగుతుంది, సియెన్నా 3,500. మనవాళ్ళలో బోటు ఎవరికుందో కామెంట్‌లో చెప్పండి, ఒకసారి ఎక్కి చూస్తాను.

అసలు అడ్డంకి మాత్రం ఇవేవీ కావు, వ్యాన్ చూసి నలుగురూ ఏమంటారోనన్నదే. వ్యాన్ కొన్న వారం మా ఫ్రెండ్ వచ్చి, "ఏంది మామా, అప్పుడే రిటైర్ అయినవా?" అన్నాడు. నేనేం అనలేదు. గత నెల వాళ్ళ అత్తామామలు వస్తున్నారని శుక్రవారం రాత్రి ఫోన్ చేసి తాళాలు అడిగాడు. ఇచ్చాను. తిరిగొచ్చేసరికి వెనక గుంటలో ఆవకాయ నూనె కారి ఉంది. రెండు వారాలు బండంతా మామిడికాయ వాసనే.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళేటప్పుడు చైల్డ్ సీటూ, ఖాళీ సూట్‌కేసులూ తీసుకెళ్ళండి. మేం వెళ్తే సేల్స్‌మ్యాన్ విచిత్రంగా చూశాడు, చూడనివ్వండి. కొనేముందు గరాజ్ కూడా కొలవండి. సియెన్నా పొడవు దాదాపు 17 అడుగులు. మాది పట్టలేదు. బండి పెద్దదని కాదు, గరాజ్‌లో రెండో ఫ్రిజ్జు, బియ్యం బస్తాలు, చేపలు వేయించుకునే స్టవ్వు ఉన్నాయి. స్టవ్వు జరపమని మూడు వారాలుగా అడుగుతున్నాను. అందుకే ఈ వీడియో డ్రైవ్‌వేలో తీస్తున్నాను.