వేసవిలో పాఠాలు చెప్పడానికి విదేశం వెళ్లాలనుకునే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఈ మధ్య ఒక అలవాటు బాగా పెరిగింది. పిల్లాడు హైస్కూల్లో పై తరగతికి వస్తాడు, కాలేజీ అప్లికేషన్ల టెన్షన్ మొదలవుతుంది, ఏదైనా సేవ చేసినట్టు ఉంటే మంచిదని ఎవరో చెబుతారు, అంతే, రెండు వారాలకు కంబోడియాకో నేపాల్‌కో కెన్యాకో డబ్బు కట్టేస్తారు. అక్కడ పేద పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం, బడి గోడలకు రంగులేయడం, చివర్లో ఓ రెండు రోజులు ఊళ్లు తిరగడం. వెళ్లే పిల్లల మనసులో నిజమైన ప్రేమే ఉంటుంది, అందులో నాకేమీ అనుమానం లేదు. ఆ ప్రేమను ఎక్కడ పెడితే అక్కడి పిల్లలకు అక్షరం ముక్క వస్తుందన్నదే నా ఆరాటం. నా మాట మొదటే చెప్పేస్తాను. ఏ పేద ఊళ్లోనైనా పిల్లల చదువు నిలబడేది ఆ పిల్లల భాష మాట్లాడే, వచ్చే ఏడాది కూడా అదే ఊళ్లో ఉండే మనిషి వల్ల. దూరం నుంచి మనం ఏం చేసినా ఆ మనిషికి ఆసరాగా ఉండాలి.

ముందు కంబోడియా సంగతి చూద్దాం. అంకోర్ వాట్ గుడి చూడడానికి సియాం రీప్ వెళ్లే యాత్రికుల్లో చాలామంది ఒక పూట అనాథాశ్రమానికి కూడా వెళ్లొచ్చేవాళ్లు. 2005 నుంచి 2010 లోపు ఆ దేశంలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయని యునిసెఫ్ చెప్పింది. ఆ ఐదేళ్లలో అంతమంది పిల్లలు అనాథలయ్యేంత యుద్ధమేమీ అక్కడ రాలేదు. పైగా ఆ ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో, కొందరికి ఇద్దరూ, బతికే ఉన్నారు.

కన్నవాళ్లుండగా పిల్లలు అక్కడికెందుకు వచ్చారు? చదువు కోసం! ఇది వింటే మనసు తరుక్కుపోతుంది, కానీ అసలు కారణం అదే. పల్లెలో బడి సరిగ్గా ఉండదు, కూలి డబ్బులు తిండికే చాలవు, ఎవరో వచ్చి మీ అబ్బాయికి పట్నంలో ఇంగ్లీషు చదువు చెప్పిస్తాం, మూడు పూటలా తిండి పెడతాం అంటారు. ఇంగ్లీషు మీడియం, హాస్టలు అనే రెండు మాటలు వినిపిస్తే మన ఊళ్లలో అమ్మానాన్నలు ఎంత ఆశపడతారో మీకు నేను చెప్పాలా? అక్కడి వాళ్లూ అలాగే ఆశపడ్డారు. విదేశీ వాలంటీర్లు వస్తున్నకొద్దీ, డబ్బు కడుతున్నకొద్దీ, వాళ్లకు చూపించడానికి పిల్లలు కావాల్సి వచ్చింది. నేపాల్లోనూ ఇదే జరిగింది. 1996 నుంచి పదేళ్లపాటు సాగిన అంతర్యుద్ధంలో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి పిల్లల్ని భద్రంగా ఉంచి చదివిస్తామని దళారులు ఖాట్మండు తీసుకొచ్చారు, తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని మరీ. యుద్ధం ఆగిపోయాక కూడా ఆ దారి మూతపడలేదు. 2018లో ఆస్ట్రేలియా, ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు, ఇలా ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ బానిసత్వంలో భాగంగానే గుర్తించింది.

ఆ ఆశ్రమాల్లో పెరిగే పిల్లల వైపు నుంచి కూడా ఒక్కసారి ఆలోచించండి. కొత్త అక్క వస్తుంది, ఎత్తుకుంటుంది, పాట నేర్పుతుంది, రెండు వారాలకు వెళ్లిపోతుంది. మళ్లీ ఇంకో అన్న వస్తాడు, అదే అక్షరాల పాట మళ్లీ మొదటి నుంచి నేర్పుతాడు. నాలుగేళ్ల పిల్ల ఎంతమందికని దగ్గరవుతుంది, ఎన్నిసార్లని విడిపోతుంది? అందుకే అనాథాశ్రమంలో వాలంటీరుగా వెళ్లే విషయంలో నా దగ్గర మినహాయింపుల్లేవు, ఎంత మంచి సంస్థ అన్నా సరే, వద్దు.

అలాగని బయటివాళ్లు వెళ్లి మేలు చేసిందే లేదా అంటే, ఉంది. వాలంటీర్లను వేరే దేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ 1961లో మొదలైంది, మొదటి బృందం ఘనా వెళ్లింది, వాళ్లంతా బడుల్లో పాఠాలు చెప్పడానికే వెళ్లారు. అక్రా విమానాశ్రయంలో దిగగానే అక్కడి ట్వీ భాషలో పాట పాడారు, అంటే బయల్దేరకముందే నేర్చుకున్నారన్నమాట. ఇవాళ్టికీ ఆ పద్ధతి దాదాపు అదే: మూడు నెలల శిక్షణ, స్థానిక కుటుంబంతో ఉండి భాష నేర్చుకోవడం, తర్వాత రెండేళ్ల పని. అందులోనూ లోపాలున్నాయి, విమర్శలున్నాయి. కానీ ఇరవై ఏడు నెలలు ఉండే మనిషికి పిల్లల పేర్లే కాదు, ఏ పిల్ల ఏ నెలలో పొలం పనికి పోతుందో, ఎందుకు పోతుందో కూడా తెలుస్తుంది. పిల్లలూ, మీలో ఎవరికైనా ఈ పని మీద నిజంగా మనసుంటే డిగ్రీ అయ్యాక దీని గురించి ఆలోచించండి. అప్పుడు మీ చేతిలో ఒక విద్య ఉంటుంది, ఇవ్వడానికి రెండేళ్లు ఉంటాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను, కాస్త ఎక్కువ సేపు తీసుకుంటాను, ఏమనుకోకండి. చదువులో వెనకబడిన పిల్లలు మిగతావాళ్లను అందుకునేలా చేయడానికి జాంబియాలో క్యాచప్ అని ఒక కార్యక్రమం ఉంది, 2016లో అక్కడి ప్రభుత్వం ప్రయోగంగా మొదలుపెట్టింది. దాని వేరు మాత్రం మన దేశంలోనే ఉంది. 1990లలో ముంబై మురికివాడల్లో మొదలైన ప్రథమ్ అనే సంస్థ, చాలా ఏళ్ల పనిలోంచి తీర్చిదిద్దిన పద్ధతి అది. ఏ తరగతి పిల్ల అని చూడరు, ఏం చదవగలదో చూస్తారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన పద్ధతుల్లో ఇదీ ఒకటి.

తరగతి ఎలా ఉంటుందో చెబుతాను. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టి ఒక కాగితం చేతికిస్తారు. దాని మీద నాలుగు వాక్యాల పేరా ఉంటుంది, చదవమంటారు. తడబడితే తిట్టరు, మార్కులు వేయరు, కాగితం కొంచెం తిప్పి మాటలు చూపిస్తారు. మాటలూ రాకపోతే అక్షరాలు. రెండు మూడు నిమిషాల్లో ఆ పిల్ల ఎక్కడ ఆగిందో తేలిపోతుంది. అంతే, అక్షరాల దగ్గర ఆగినవాళ్లంతా ఒక గుంపు, మాటల దగ్గర ఆగినవాళ్లు ఇంకో గుంపు, ఐదో తరగతి అన్నయ్య మూడో తరగతి చెల్లి పక్కనే కూర్చుంటాడు. రోజూ ఓ గంట ఇదే. టీచరు సుద్దముక్కతో నేల మీద మధ్యలో నది అని రాస్తుంది, వాళ్ల టోంగా భాషలోనే. పిల్లలు చుట్టూ చేరి చేప, పడవ, మొసలి అని అరుస్తుంటే ఒక్కోటీ గీత గీసి రాసుకుంటూ పోతుంది. తర్వాత ఆ మాటలతోనే ఒక వాక్యం, ఆ వాక్యాలతోనే ఓ చిన్న కథ. లెక్కలకైతే పుల్లలు, పదేసి కలిపి రబ్బరు బ్యాండు వేస్తారు. ముప్పైలోంచి ఏడు తీయాలంటే ఒక కట్ట విప్పాలి కదా, అప్పుగా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకు వేళ్లతోనే తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పండి, టోంగా మాట ఒక్కటీ రాని పదహారేళ్ల మన అబ్బాయి ఆ సుద్దముక్క పట్టుకుని ఏం చేస్తాడు? ఎంత తెలివైనవాడైనా ఆ పిల్లలు మొసలి అన్నారో పడవ అన్నారో వాడికి తెలియదు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో పదేళ్ల పిల్లల్లో దాదాపు పదిమందికి తొమ్మిదిమంది చిన్న కథ చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు 2022లో లెక్కగట్టింది. ఇంత పెద్ద పని రెండు వారాల అతిథులతో అయ్యేది కాదు.

మరి ఎవరితో అవుతుంది? బోట్స్వానాలో ఇదే పద్ధతిని బడుల్లోకి తీసుకెళ్లినవాళ్లలో చాలామంది తిరేలో సెచాబా అనే జాతీయ సేవా పథకంలో చేరిన అక్కడి యువతీయువకులే. కోవిడ్ వచ్చి బడులు మూసేసినప్పుడు అక్కడే ఇంకో ప్రయోగం చేశారు: వారానికోసారి తల్లిదండ్రుల ఫోనుకు ఒక లెక్క మెసేజ్‌గా పంపడం, తర్వాత ఫోన్ చేసి ఓ ఇరవై నిమిషాలు ఆ పిల్లతో ఆ లెక్క చేయించడం. మామూలు బటన్ ఫోను చాలు. పిల్లలకు నిజంగానే లెక్కలొచ్చాయని తేలింది, ఆ తర్వాత నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్, మన దేశం అన్నిచోట్లా చేసి చూశారు. ఆ ఫోన్ చేసిన గొంతు ఆ పిల్ల భాషలో మాట్లాడింది, అందుకే పని జరిగింది.

మనవాళ్లకు ఇది తెలియని విషయమేమీ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడుల్లో పలకలు పట్టించింది ఆ ఊళ్ల కుర్రాళ్లు, ఆడపిల్లలే. ఆ బడుల్లో కూర్చున్న ఆడవాళ్ల మాటల్లోంచే దూబగుంట అనే ఊళ్లో సారా వ్యతిరేక పోరాటం పుట్టింది.

కాబట్టి అమ్మానాన్నలకు నా విన్నపం. ఆ రెండు వారాల ప్రయాణానికి పెట్టే డబ్బును ఓ ఊళ్లో పాఠం చెబుతున్న అక్కడి అమ్మాయికి నెల నెలా గౌరవ వేతనంగా ఇచ్చే సంస్థకు ఇవ్వండి, ఒక్కసారిగా కాదు, కొన్నేళ్లపాటు. ఇచ్చేముందు గట్టిగా అడగండి: పాఠాలు చెప్పేది ఎవరు, వాళ్లకు జీతం అందుతోందా, మా పిల్లాడు రాకపోతే తరగతి ఆగిపోతుందా, ముక్కూమొహం తెలియనివాళ్లను పిల్లల దగ్గరికి ఎలా రానిస్తున్నారు. చివరి ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి. ఎవరి పిల్లల ఫొటోలైనా మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకోవడం మానేద్దాం, మన పిల్లల ఫొటోలు అలా తెలియనివాళ్లు పెడితే ఊరుకుంటామా?

పిల్లలకు కూడా పని ఉంది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్లు ఉంటే, ఆఫ్రికన్ స్టోరీబుక్, స్టోరీవీవర్ లాంటి వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా వాడుకునే పిల్లల కథలున్నాయి, వాటిని చూడండి. తెలుగు బాగా వచ్చినవాళ్లు స్టోరీవీవర్లో తెలుగు కథలు రాయొచ్చు, అనువదించొచ్చు. లెక్కలు, కంప్యూటరు వచ్చినవాళ్లు చిన్న సంస్థల ఖాతాలు చూసిపెట్టొచ్చు. ఇవి ఫొటోల్లో కనబడే పనులు కావు, కానీ అక్కడి టీచరుకు ఓ సాయంత్రం మిగులుతుంది.

ఇంకొకటి, మన చుట్టుపక్కల చాలా ఊళ్లలో కాంగో నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలకు ఇంగ్లీషు చదవడంలో, హోంవర్కులో సాయం కావాలి, ఇక్కడ మీ ఇంగ్లీషు నిజంగా పనికొస్తుంది. మీ ఊరి లైబ్రరీకి వెళ్లి, ఇలాంటి కార్యక్రమం ఉందా అని అడగండి, ఉంటే ఓ నెలకు కాదు, ఈ విద్యా సంవత్సరం మొత్తానికి పేరు రాయించుకోండి, ప్రతివారం అదే పిల్లతో కూర్చుంటానని చెప్పండి. అమ్మానాన్నలూ, దింపడం, తీసుకురావడం మీ వంతు, ఆ రోజుకు ఇంకే క్లాసూ పెట్టకండి.

ఇక ప్రశ్నలు అడగండి, ముందు పిల్లలు.