స్టాఫ్ విశేషాలు చదవమన్నారు, చదువుతాను

సూపరింటెండెంట్ గారికి, మా హెచ్ఓడి సార్‌కి, ఆసుపత్రి వ్యవహారాలు చూసే ఆర్ఎంఓ గారికి, వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ నాకిచ్చిందే పది నిమిషాలు, నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు అందులో కొంత వాడేసుకున్నారు. వెనక కూర్చున్న నైట్ డ్యూటీ వాళ్ళు ఇప్పటికే నిద్రకి ఆగలేకపోతున్నారు, నాకు కనిపిస్తోందమ్మా.

"కార్డియాలజీలో ఈ ఏడాది స్టాఫ్ విశేషాలు చదివేయండి సిస్టర్, చాలు" అని సార్ ఈ కాగితం ఇచ్చారు. చదువుతాను. ఒకటి, రెండో క్యాత్ ల్యాబ్, అంటే గుండెలోకి సన్న గొట్టం పంపి పరీక్షలూ వైద్యమూ చేసే గది, మంజూరైంది. చప్పట్లు కొట్టండి, నిజంగానే సంతోషించాల్సిన విషయం. రెండు, కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లు చేరారు, ముందు వరసలో ఉన్నారు, స్వాగతం. మూడు, ఎకో గదికి కొత్త మిషను. నాలుగు, గుండె వైద్యంలో పై చదువు డీఎం చేస్తున్న మన విద్యార్థి పేపరుకి బహుమతి. ఐదు, సాధారణ బదిలీల్లో భాగంగా కొందరు స్టాఫ్ నర్సులు ఇతర వార్డులకి వెళ్ళారు. ఆరు, ఒక ఎంఎన్ఓ, అంటే నర్సింగ్ ఆర్డర్లీ, ఈ నెలాఖరున రిటైర్ అవుతున్నారు.

అయిపోయింది. కూర్చోవచ్చు. కానీ ఆ ఐదూ ఆరూ ఉన్నాయి చూశారా, వాటి దగ్గర నాకు గొంతు పట్టేసింది సార్, ఇంకో రెండు ముక్కలు చెప్పనివ్వండి.

ఆరో నంబరులో "ఒక ఎంఎన్ఓ" అని రాశారు. ఆయన పేరు నేనూ చెప్పను, తలుపు దగ్గర నిలబడి వద్దని చెయ్యి ఊపుతున్నాడు. అన్నా, పేరు చెప్పనులే, సంగతి మాత్రం చెప్తా.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి. ఇన్ఫీరియర్ వాల్ ఎంఐతో, అంటే గుండె కింది గోడకి వచ్చే గుండెపోటుతో, వచ్చాడు ఒక పెద్దాయన, పల్లె నుంచి. సాయంత్రం నుంచి గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చున్నాడట, మన వాళ్ళకి గుండెనొప్పి ఎప్పుడూ గ్యాసే కదా. మందు ఎక్కించారు, గుండె రోగుల ఐసీయూ, అదే సీసీయూలో పడుకోబెట్టారు, కాసేపటికి హార్ట్ బ్లాక్, గుండె పైగదుల నుంచి కింది గదులకి కరెంటు అందడం లేదు. మానిటర్ మీద పల్స్ ముప్పైల్లోకి పడిపోయింది, గుండె వేగం పెంచే మందు అట్రోపిన్‌కి పలకలేదు. డ్యూటీ డాక్టరు టెంపరరీ పేసింగ్, అంటే బయటి బాక్సు నుంచి వైరుతో కరెంటు ఇచ్చి గుండెని కొట్టించడం, అన్నారు, వైరు వేశారు, బాక్సు తెచ్చారు, స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడుగుతాను. పేసింగ్ బాక్సులో ఏ బ్యాటరీ ఉంటుందో తెలిసినవాళ్ళు చేతులెత్తండి. డాక్టర్లు వద్దు, మిగతావాళ్ళు. ఆ... చూశారా సార్, ఎత్తినవాళ్ళంతా పాత సీసీయూ వాళ్ళే, సగంమంది ఇప్పుడు ఎముకల వార్డు ఆర్థోలో ఉన్నారు. మన బాక్సుకి తొమ్మిది వోల్టులది, చిన్న డబ్బాలా ఉంటుంది. గోడ గడియారంలో వేసేది పనికిరాదు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి తప్పేమీ లేదు, ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆర్థో వార్డు నుంచి ఆ వారమే వచ్చింది, విరిగిన కాలికి బరువు వేలాడదీసే ట్రాక్షన్ కట్టడం ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. డ్యూటీ మారేటప్పుడు పేసింగ్ బాక్సు ఆన్ చేసి చూడాలని ఆమెకి ఎవరు చెప్పాలి? రోజూ చూసే సిస్టర్‌ని అంతకు ముందే బదిలీ చేశారు. ఆ అలవాటు ఏ రిజిస్టరులోనూ రాసి లేదు, ఆమెతో పాటే వెళ్ళిపోయింది.

బ్యాటరీ తెచ్చింది ఈ అన్న. ట్రాలీ తోసుకుంటూ వచ్చినవాడు ఆ గొడవ విని, ఎవరూ అడక్కుండానే, క్యాత్ ల్యాబ్‌లో ఎక్స్‌రే అడ్డుకునే లెడ్ ఏప్రాన్లు తగిలించే స్టాండు పక్కన ఉండే సొరుగులోంచి కొత్తది తీసుకొచ్చి చేతిలో పెట్టాడు. పాత సిస్టర్ ఎక్కడ దాచేదో ఆయన చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు. పెద్దాయన బతికాడు, మర్నాడు పొద్దున్న ఇడ్లీ కావాలన్నాడు. కేసు షీటులో డాక్టరు పేరు ఉంది, సిస్టర్ సంతకం ఉంది, బ్యాటరీ సంగతి లేదు. అలాంటివి రాయడానికి గడి కూడా లేదు.

మీకు వెర్నర్ ఫోర్స్‌మన్ కథ తెలుసు, డాక్టర్లయితే పరీక్షలకి చదివే ఉంటారు. 1929లో జర్మనీలో ఎబెర్స్‌వాల్డె అనే ఊళ్ళో, పాతికేళ్ళ కుర్ర డాక్టరు, చేతి నరంలోంచి గుండెలోకి గొట్టం పంపాలన్నాడు, పై డాక్టరు వద్దన్నాడు. పరికరాల బీరువా తాళాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గర ఉండేవి. ఆమెని ఒప్పించాడు. ఒప్పుకోవడమే కాదు, ప్రయోగం నా మీద చెయ్యమంది ఆ తల్లి! సరేనని ఆమెని బల్లకి కట్టేసి, ఆమె చూడకుండా గొట్టం తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. తర్వాత కట్లు విప్పి, ఆమెని తోడు తీసుకుని, గొట్టంతోనే కింద ఉన్న ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళాడు. 1956లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన క్యాత్ ల్యాబ్ అంతా అక్కడి నుంచి మొదలైందే. నర్సు దగ్గర తాళం లేకపోతే ఆ రోజు ఏం జరిగేదో మీరే చెప్పండి. ఇంకో సంగతి, నర్సుకి చెప్పకుండా కట్టేయడం కూడా అప్పట్నుంచే ఉంది, మన బదిలీ ఆర్డర్లు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. నవ్వండి నవ్వండి, ఆర్ఎంఓ గారు కూడా నవ్వుతున్నారు.

2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకి పరిమితి పెట్టింది, లక్ష దాటి అమ్ముడుపోయిన మందుపూత స్టెంటు 29,600 రూపాయలకి దిగింది. మంచి పని. స్టెంటుకి ధర ఉంది, మిషనుకి ఏఎంసి, అదే ఏటా చేసుకునే మరమ్మతు ఒప్పందం, ఉంది. షీత్, అదే తొడ రక్తనాళంలో పెట్టిన గొట్టం, తీశాక గజ్జల్లో ఎక్కడ ఎంత బరువు పెట్టి నొక్కితే రక్తం ఆగుతుందో, కాలు చల్లబడకుండా ఎలా చూసుకోవాలో తెలిసిన చెయ్యికి ఏముంది? ఇన్ఫీరియర్ ఎంఐ అనగానే ఛాతీ కుడివైపు లీడ్లు కూడా పెట్టి ఇసిజి తీసే అలవాటుకి ఏముంది? ఆ ఎంఐలో కుడి జఠరిక, అంటే గుండె కుడి కింది గది, కూడా దెబ్బతిన్నవాడికి నాలుక కింద నైట్రేట్ పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, అది చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. క్యాజువాలిటీకి వచ్చిన పది నిమిషాల్లో ఇసిజి అయిపోవాలని గోడకి పోస్టరు అంటించాం. బాగుంది. కానీ దవడ లాగుతోందని, చెమటలు పడుతున్నాయని, నొప్పి మాత్రం లేదని చెప్పే షుగరు పేషెంటు ఆడమనిషిని చూసి "ముందు ఈమెకి తియ్యండి" అనేది పోస్టరు కాదు కదా సార్, సీసీయూలో చాన్నాళ్ళు చేసిన మనిషి.

నేను బదిలీలు వద్దనడం లేదు. అందరికీ అన్ని వార్డులూ రావాలి, నైట్లు అందరూ పంచుకోవాలి, నిజమే. ఒకే ఆర్డరులో క్యాత్ ల్యాబ్ స్టాఫ్ సగాన్ని తియ్యొద్దంటున్నాను. వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఒక నెల కలిసి డ్యూటీ చెయ్యనివ్వండి. అంతే అడుగుతున్నది. ఔట్‌సోర్సింగ్ టెక్నీషియన్లకి ఒంటికి ఎక్స్‌రే ఎంత తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఎవరిది వాళ్ళకి ఇప్పించండి, మూడు నెలలకోసారి రీడింగుకి పంపే బ్యాడ్జి ఇద్దరు మార్చుకుని పెట్టుకుంటే ఆ అంకె ఎవరిది? రెండో ల్యాబ్ వచ్చాక మిషను ఎటూ వస్తుంది, మనుషుల్ని ఈ ల్యాబ్ నుంచే చీల్చి అక్కడ పెడితే రెండూ సగం సగం నడుస్తాయి. పోస్టుల ఫైలు పైకి పంపేటప్పుడు డాక్టర్ల పోస్టులతో పాటు స్క్రబ్ నర్సులవీ, టెక్నీషియన్లవీ, ఎంఎన్ఓలవీ కూడా రాయండి. ఎంఎన్ఓలవి ముఖ్యంగా. ఈ అన్న వెళ్ళాక ఆయన చోటు ఖాళీగానే ఉంటుందని ఇప్పుడే అంటున్నారు.

సార్ వాచీ చూసుకుంటున్నారు, ముగిస్తాను. రెండు ప్రకటనలు. గురువారం మధ్యాహ్నం రెండింటికి సీసీయూలో క్రాష్ కార్ట్, అంటే అత్యవసర మందులూ సామాన్లూ ఉండే బండి, పేసింగ్ బాక్సు మీద ట్రైనింగ్, కొత్తగా వచ్చినవాళ్ళంతా తప్పకుండా రావాలి, నైట్ డ్యూటీ వాళ్ళకి శుక్రవారం మళ్ళీ పెడతాం. వస్తువులు ఎక్కడెక్కడ ఉంటాయో చూపించేది ఈ అన్నే, ఒప్పుకున్నాడు. అన్నకి వీడ్కోలు భోజనం ముప్పయ్యో తారీకున, డబ్బులు క్యాత్ ల్యాబ్‌లో మా సిస్టర్‌కి ఇవ్వండి, డాక్టర్లు కాస్త ఎక్కువ ఇవ్వండి.